నిట్టింగ్ కిట్ + లైవ్ క్లాసులు అని డబ్బులు కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

ఇవి అమ్మే ఒక ఇన్‌స్టా పేజీ ఉంది, పేరు రాస్తే మళ్ళీ నా మీదకే గొడవకొస్తారు. కిట్టుతో కలిపి ₹2,499, ప్యూర్ ఊల్, బిగినర్స్‌కి బేసిక్స్ మొత్తం నేర్పిస్తాం అంటే జీపే చేసేశా. హైదరాబాద్ ఎండలకి నీకు ఊలెందుకే అని మా అమ్మ మొత్తుకుంటూనే ఉంది, వింటేగా. వచ్చింది నేవీ బ్లూ ఊలు. కొత్తగా సూదులు పట్టుకునేవాళ్ళకి ముదురు రంగు ఇస్తారా ఎవరైనా, లైట్ కింద కూర్చున్నా ఏ కుట్టు ఎక్కడుందో కనపడి చావదు. సరే పోన్లే అనుకున్నా.

అసలు మంట నిన్నటి క్లాసులో. టీచర్ ఒక వరస నిట్ (మామూలు కుట్టు), ఒక వరస పర్ల్ (దాన్నే తిరగేసి వేసే కుట్టు) అల్లమంది, ఆ అల్లికనే స్టాకినెట్ అంటారు. కళ్ళు పొడుచుకుని అల్లితే పక్క అంచులు వెనక్కి, కింద అంచు ముందుకి తిరిగిపోతున్నాయి. కెమెరాకి చూపించి ఎందుకిలా వస్తోంది మేడం అన్నా, అంతే. "చూశారా, టెన్షన్, అదే దారం బిగువు, కంట్రోల్ లేకపోతే ఇలాగే చాప చుట్టినట్టు చుట్టుకుంటుంది, కొంతమంది చేతులకి రాదండీ ఏం చేస్తాం" అని అందరి ముందూ నవ్వింది. నేను నోరు తెరిచేలోపే మ్యూట్! వెంటనే చాట్‌లో లింకు, బ్లాకింగ్ కిట్ (అల్లిన ముక్కని తడిపి, పిన్నులతో షేపులో బిగించి ఆరబెట్టే సామాను) ₹899, అది కొంటే సరైపోద్దంట.

రాత్రి పక్క ఫ్లాట్ పంజాబీ ఆంటీకి చూపిస్తే ఆవిడా నవ్వింది, కానీ నన్ను చూసి కాదు. స్టాకినెట్ ఎవరు అల్లినా చుట్టుకుంటుందంట, ఒక పక్క నిట్ ఇంకో పక్క పర్ల్ ఉంటే రెండు వైపులా లాగుడు ఒకేలా ఉండదు కదా, అందుకే స్వెటర్ అంచులకి ఒకే వరసలో నిట్, పర్ల్ మార్చి మార్చి వేసే రిబ్బో, అన్ని వరసలూ నిట్టే వేసే గార్టరో పెడతారంట. ఇది తెలియకుండానే టీచర్ అయిపోయిందా తల్లీ? ఆంటీ చిన్న దారం ముక్క తెంపి కాల్చింది, వెంట్రుకలు కాలిన వాసన వస్తే ఊలు, ఇదేమో కరిగి గట్టి పూస అయింది. అక్రిలిక్! తడిపి పిన్నులు కొట్టి ఆరబెట్టినా దానికి ఆ షేపు సరిగ్గా నిలవదంట, మరి నాకు ఆ బ్లాకింగ్ కిట్ ఎందుకు అంటగట్టబోయినట్టు?

ఇంకా ఉంది. ఆ ముక్కని సూది మీంచి దింపడానికి కాస్ట్ ఆఫ్ ఎప్పుడు చెప్తారని పొద్దున మెసేజ్ పెడితే "అది లెవెల్ 2 లో సిస్" అని రిప్లై. బేసిక్స్ అంటేనే కుట్లు ఎక్కించడం, నిట్, పర్ల్, దింపడం కదా. అంటే లెవెల్ 2 కి కట్టేదాకా అది సూదికి వేలాడుతూ ఉండాలన్నమాట, భలే వ్యాపారం. రిఫండ్ అడిగా, బ్లాక్ చేసింది.

ఎక్కడ కొన్నా లేత రంగు దారం, 4 నుంచి 5 ఎంఎం సూదులు ఇస్తారో లేదో, కాస్ట్ ఆఫ్ క్లాసులో ఉందో లేదో ముందే మెసేజ్‌లో రాయించుకోండి. నేను కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 కి కంప్లైంట్ పెడుతున్నా, ఈవిడ దగ్గర మీరూ కట్టి ఉంటే బ్లాక్ అయ్యేలోపే చాట్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి.