కోళ్లకు కరెంటు వల కంచె: దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపలేదు

పగలంతా ఆరుబయట తిరిగే కోళ్ల చుట్టూ కరెంటు వల కట్టాక ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాయి. కొనాలా వద్దా అంటే నా మాట ఇది: కుక్కలు, నక్కల బెడద ఉంటే తప్పకుండా కొనండి. మీ కోడిపిల్లల్ని ఎత్తుకుపోతున్నది గద్దే అయితే దీనిమీద డబ్బు పెట్టకండి. దానికి తల మీద వల కప్పాలి, లేదా కోళ్లు చటుక్కున దూరడానికి గుబురు పొదలుండాలి.

నా దగ్గరున్నది 50 మీటర్ల చుట్ట, ఎత్తు దాదాపు 120 సెంటీమీటర్లు. ప్లాస్టిక్ దారాల్లో సన్నటి స్టీలు తీగలు పెనవేసి అడ్డంగా వరుసలు అల్లారు. నేలకు ఆనే అడుగు వరుసలో మాత్రం కరెంటు పారదు. గుంజలు వలకే బిగించి వస్తాయి కాబట్టి పాతడం ఒక్క మనిషి పని. మేత అయిపోయిన చోటునుంచి పీకి పక్కకు మార్చుకోవచ్చు. ఈ సౌకర్యం ఒక్కటే చాలు, నాకు ఇది నచ్చడానికి.

అసలు కిటుకంతా ఎర్త్ రాడ్డులో, అంటే నేలలోకి దింపే లోహపు కడ్డీలో ఉంది. కంచెకు కరెంటు అందించే యంత్రం, అదే ఎనర్జైజర్, దాదాపు సెకనుకోసారి కొన్ని వేల వోల్టుల దెబ్బ పంపుతుంది. అది రెప్పపాటు కూడా ఉండదు గనక చురుక్కుమనిపిస్తుందే గానీ చంపదు. ఆ దెబ్బ జంతువు ఒంట్లోంచి నేలలోకి దిగి, రాడ్డు ద్వారా మళ్లీ యంత్రానికి చేరితేనే పని జరుగుతుంది. ఎండాకాలంలో నేల పొడిబారితే వోల్టులు చూపే టెస్టర్ మీద మంచి అంకే కనిపిస్తుంది, కుక్కకు మాత్రం దెబ్బ అందదు. కంపెనీవాళ్లు ఇచ్చే పొట్టి రాడ్డును నమ్ముకోకుండా పొడవాటిది తడి తగిలే లోతుకు దింపండి, చుట్టూ నీళ్లు పోస్తుండండి. వానాకాలంలో గొడవ వేరు. పెరిగిన గడ్డి తీగల్ని తాకి కరెంటును నేలలోకి లాగేస్తుంది. 3000 వోల్టులకు తగ్గిందంటే కొడవలి పట్టుకోవాల్సిందే. ఖర్చు ఒక్కసారిదే, ఈ చాకిరీ మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంటి కరెంటు తీగను నేరుగా కంచెకు తగిలిస్తే మనుషులు చస్తారు. కంచెల కోసమే తయారైన ఎనర్జైజర్ తప్ప ఇంకేదీ దీనికి కలపకూడదు.

ఇంత తాపత్రయం ఎందుకంటే కుక్క కాటు ఎలా ఉంటుందో చూశాను. కంచె లేని రోజుల్లో ఒక ఎర్ర పెట్టను కుక్క పట్టింది. విడిపించాక చూస్తే నాలుగు ఈకలు ఊడినట్టే ఉంది, రక్తం కూడా పెద్దగా లేదు. ఈకలు పాయలు తీసి చూస్తే వీపు మీద కోరలు దిగిన గుంటలు, రెక్క కింద చర్మం చీలి వేలాడుతోంది. కోడి చర్మం పలచన. దెబ్బంతా ఈకల కిందే దాగుంటుంది, ఒళ్లంతా వెతకాలి.

పెట్టను తువ్వాలులో చుట్టేటప్పుడు రొమ్ము నొక్కకూడదు. కోడికి మనలా ఊపిరికి తోడ్పడే విభాజక పటలం లేదు, రొమ్ము ఎముక కదిలితేనే గాలి ఆడుతుంది. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కాసేపు అదిమి పట్టాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు. మరిగించి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి, సిరంజితో గాయాన్ని కడిగాను. ఊపిరి తీసినప్పుడల్లా గాయంలో బుడగలొస్తే మాత్రం నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తులకు కలిసి ఉండే గాలి సంచి చిల్లి పడిందన్నమాట. చుట్టూ ఈకల్ని కత్తిరించాలి, పీకకూడదు. నోట్లో బలవంతంగా నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెచ్చటి చీకటి పెట్టెలో ఉంచి, పూటపూటకీ పురుగు పడిందేమో చూశాను. ఈగ గుడ్లు ఒక్క రోజులోనే పురుగులవుతాయి. మందలో వదిలితే ఎర్రగా కనిపించిన చోటల్లా తోటి కోళ్లే పొడుస్తాయి. అందుకే కాస్త తేరుకున్నాక ఇనుప తీగ జల్లి అడ్డంగా పెట్టి, మందకు కనిపించేలా ఉంచాను. యాంటీబయాటిక్ పశువైద్యుడే రాయాలి, గుడ్లు మళ్లీ ఎప్పటినుంచి తినొచ్చో కూడా ఆయన్నే అడగాలి. పిల్లి కరిస్తే కూడా ఆలస్యం చేయొద్దు. గాటు సూదిమొనంత ఉన్నా లోపలికి దిగే సూక్ష్మజీవులు ప్రమాదకరమైనవి.

ఆ పెట్ట బతికింది. వల కట్టాక అదే కుక్క వచ్చి ముక్కు ఆనించి, కుయ్యోమంటూ పరుగెత్తింది. ఆ తర్వాత కంచె దరిదాపులకు రాలేదు.

ముంగిస దగ్గర నాకంత ధీమా లేదు. ముక్కు తగిలితే ఆగుతుంది, బొచ్చు మాత్రమే రాసుకుంటే కంతలోంచి దూరిపోతుంది. పాముల సంగతీ అంతే. పొద్దు వాలాక మందను గూట్లోకి తోలి తలుపు గడియ పెట్టాల్సిందే, కోళ్లకు రాత్రి చూపు ఆనదు. గూటి కిటికీలకు అర అంగుళం కంతల వెల్డెడ్ జల్లి కొట్టండి. ఆరు మూలల సన్న కోళ్ల జల్లి కోళ్లను లోపల ఉంచడానికి పనికొస్తుంది, కుక్క పళ్లకు నిలవదు. గోడ అడుగున బయటివైపు జానెడున్నర జల్లి పరిచి మట్టి కప్పితే తవ్వేవాటి ఆట కట్టు.

చిన్న కోడిపిల్లలు వల కంతల్లోంచి బయటికి పోతాయి, వాటికి వేరే ఏర్పాటు కావాలి. ఎగిరే పెట్టలకు ఒకవైపు రెక్క ఈకలు కత్తిరించాను. కరెంటు ఆపేసినన్నాళ్లు వల చుట్టి లోపల పెట్టండి, ఊరికే వదిలేస్తే చిన్న జీవాలు చిక్కుకుంటాయి. కొనేటప్పుడు గుంజకు రెండు మొనలున్న రకం అడగండి. ఒక్క మొనవి మెత్తటి నేలలో ఒరిగిపోయి వల జారుతోంది.