నవరాత్రుల సామగ్రికి కర్నూలులో ఒక పాత అంగడి

కొండారెడ్డి బురుజుకు నడక దూరంలో ఉన్న ఒక పాత పూజాద్రవ్యాల అంగడిలో, ఆశ్వయుజ శుద్ధ పాడ్యమికి నాలుగు రోజుల ముందు దుర్గాపూజకు కావలసినవన్నీ తీసుకున్నాము. కలశానికి రాగి చెంబు, ఎర్ర రవికెగుడ్డ, అఖండదీపానికి లావు వత్తులు నాణ్యంగా ఉన్నాయి.

ముఖ్యంగా చెప్పవలసినది అక్కడ దొరికిన పెద్ద అక్షరాల దుర్గా సప్తశతి పారాయణ ప్రతి గురించి. మార్కండేయ పురాణంలో అమ్మవారి మహిమను చెప్పే ఆ 13 అధ్యాయాలను, 700 మంత్రాలను స్పష్టంగా అచ్చువేయడమే కాక, ముందుగా చదవవలసిన కవచం, అర్గళ, కీలకం అనే స్తోత్రాలను వరుస తప్పకుండా చేర్చారు. తూర్పున ఐంద్రి, దక్షిణాన వారాహి, పడమట వారుణి, ఉత్తరాన కౌమారి కాపాడాలని వేడుకొని, శిఖ మొదలు అరికాలి దాకా ఒక్కొక్క అవయవాన్ని ఒక్కొక్క పేరుగల అమ్మకు అప్పగించే ఆ కవచాన్ని, చూపు మందగించిన మా అమ్మ ఈసారి ఎవరి సాయమూ లేకుండా తొమ్మిది రోజులూ చదువుకుంది. నాకు అంతకంటే కావలసినది లేదు.

కుంకుమ మాత్రం నచ్చలేదు. పసుపుతో చేసినదని ఇచ్చారు గానీ, మొదటిరోజు అర్చనలో వేళ్ళకంటిన రంగు రెండు రోజులైనా వదలలేదు. అమ్మవారి నామాలకు సమర్పించే ద్రవ్యంలో ఇది తగదు. తిరిగి తీసుకువెళితే మారుమాట లేకుండా వేరే కుంకుమ ఇచ్చారు, అది బాగుంది. శుక్రవారం సాయంత్రాలు రద్దీ ఎక్కువ కనుక ఉదయమే వెళ్ళడం మేలు.