యూదుల క్యాలెండర్ యాప్: ముందు మీ ఊరు సెట్ చేసుకోండి

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ పేపర్లు చూస్తాను. ఇజ్రాయెల్‌కు సరుకు పోతుంది కాబట్టి ఏడాదికి పైగా ఫోన్‌లో ఈ యాప్ వాడుతున్నా. ఐదుకు నాలుగు స్టార్లు.

ఒక స్టార్ ఎందుకు కోశానో ముందు చెప్తా. 2025లో రోష్ హషానా, అంటే వాళ్ల కొత్త సంవత్సరం, సెప్టెంబర్ 23 గడిలో చూపించింది. ఇంకా టైముందిలే అని 22 రాత్రి పదింటికి కంటైనర్ పేపర్లు మెయిల్ చేశా. వాళ్లకు రోజు మొదలయ్యేదే సూర్యాస్తమయంతో, మనకు పది కొట్టేసరికి అక్కడ పొద్దు కుంకి పండగ వచ్చేసింది. అదీ రెండు రోజుల పండగ. 25 దాకా జవాబు లేదు, నాకు ఒకటే టెన్షన్. "ముందురోజు సాయంత్రం నుంచి" అని ఆ గడిలోనే వేయాలి కదా, లోపలికి నొక్కితే గానీ కనబడదు.

టైములు మాత్రం కచ్చితం. మొదట జెరూసలేం అని ఉంటుంది, మన ఊరు పెట్టుకోవాలి. ఆ జూన్‌లో కోషర్ తనిఖీకి, అంటే సరుకు యూదుల ఆహార నియమాల ప్రకారం ఉందో లేదో చూడ్డానికి వచ్చిన ఆయన సబ్బాతుకు ఇక్కడే గెస్ట్‌హౌస్‌లో ఉండిపోయారు. సబ్బాతు అంటే వాళ్ల వారపు విశ్రాంతి రోజు, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం చీకటిపడేదాకా పని చేయరు, నిప్పు వెలిగించరు. చిత్తూరు పెట్టి కొవ్వొత్తులు వెలిగించే టైము చూపించా: సాయంత్రం ఆరూ ఇరవై, సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు. సరిగ్గా అప్పటికి రెండు కొవ్వొత్తులు వెలిగించి, ఫోన్ ఆపేసి బల్ల మీద బోర్లా పెట్టారు. శనివారం చీకటిపడి మూడు చుక్కలు కనబడేదాకా మళ్లీ ముట్టలేదు. తనిఖీ కాగితంలో ఒక సంతకం మిగిలింది, ఆదివారం పొద్దున్నే పెట్టించుకున్నాం.

నాకు బాగా నచ్చింది వాళ్ల తేదీ కూడా పక్కనే చూపించడం. నెలలు అమావాస్య దాటాక మొదలవుతాయి, 29 లేదా 30 రోజులు, మన అధిక మాసంలాగే 19 ఏళ్లలో 7 సార్లు ఒక నెల కలుపుతారు, అందుకే వాళ్ల పస్కా పండగ ఎప్పుడూ వసంతం దాటిపోదు. రోష్ హషానాను బుధ, శుక్రవారాల్లో పడనివ్వరట, పడితే పదో రోజు వచ్చే ఉపవాసం యోమ్ కిప్పూర్ సబ్బాతుకు ముందో వెనకో తగిలి, వరసగా రెండు రోజులు పొయ్యి వెలిగించడానికి ఉండదు. 2025లో ఆ పదో రోజు అక్టోబర్ 2. మనకు విజయదశమి, తిరుమలలో చక్రస్నానం! మా అమ్మకు చూపిస్తే, వాళ్లకూ దశమేనా అని రెండుసార్లు అడిగింది.

కానీ 2026లో అలా కలవదు. మనకు అధిక జ్యేష్ఠం, వాళ్లకు అదనపు నెల 2027లో గానీ రాదు, కాబట్టి రోష్ హషానా మన నవరాత్రులకు నెల ముందే, సెప్టెంబర్ 11 శుక్రవారం సాయంత్రం మొదలు, వాళ్ల లెక్కకు అది శనివారమే. పేపర్లు గురువారం పొద్దున్నే పంపేస్తా.