హీట్ పంప్ కొంటున్నారా? నీళ్లు వేడెక్కాయని సంతకం పెట్టేయకండి

ఒడిశాలో కొరాపుట్, సునాబేడ, సెమిలిగుడ, పొట్టంగి వైపు ఉండే మన తెలుగువాళ్లు కొందరు ఈ మధ్య విశాఖపట్నం, విజయనగరం షాపుల నుంచి హీట్ పంప్ వాటర్ హీటర్లు తెప్పించుకుంటున్నారు. గీజర్‌తో పోలిస్తే మూడో వంతు కరెంటే కాలుతుందని అమ్మేవాళ్లు చెప్తారు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ మా ఇంట్లో పెట్టినది చలికాలంలో గీజర్‌తో సమానంగా కరెంటు లాగింది. అమ్మినవాళ్లు, బిగించినవాళ్లు, ఆ తర్వాత చూడ్డానికి వచ్చినవాళ్లు అందరిదీ ఒకటే మాట: "నీళ్లు వేడిగానే వస్తున్నాయి కదండీ, ఇంక ప్రాబ్లం ఏముంది?"

ప్రాబ్లం అక్కడే ఉంది. హీట్ పంప్ అంటే ఒకరకంగా తిరగేసిన ఫ్రిజ్. బయటి గాలిలోని వేడిని గ్యాస్ ద్వారా లాగి ట్యాంకులో నీళ్లకు అందిస్తుంది. కరెంటు కావలసింది కంప్రెసర్‌కి, ఫ్యాన్‌కి మాత్రమే కాబట్టి ఒక యూనిట్ కరెంటుకి మూడు, మూడున్నర యూనిట్ల వేడి దక్కుతుంది. అయితే చాలా మోడళ్లలో అదే ట్యాంకులో బ్యాకప్ పేరుతో ఒక మామూలు హీటింగ్ ఎలిమెంట్ కూడా పెడతారు. గీజర్లో ఉండేది అదే. కంప్రెసర్ సరిగ్గా లాగకపోయినా, ట్రిప్ అయినా, కంట్రోలర్ మనకు చెప్పకుండా ఎలిమెంట్‌ని ఆన్ చేసేస్తుంది. డిస్‌ప్లేలో 55 డిగ్రీలు కనిపిస్తుంది, కుళాయి తిప్పితే పొగలు వస్తాయి. కంప్రెసర్ ఎంత పని చేసిందో, ఎలిమెంట్ ఎంత చేసిందో ఎక్కడా కనిపించదు. నెల తిరిగి బిల్లు వచ్చాకే అనుమానం మొదలవుతుంది. అప్పటికి షాపువాడికి డబ్బు మొత్తం ముట్టేసి ఉంటుంది.

మాది 200 లీటర్ల స్ప్లిట్ మోడల్. అంటే ట్యాంకు ఒకచోట, అవుట్‌డోర్ యూనిట్ ఇంకోచోట, మధ్యలో రాగి పైపులు. బిగింపుతో కలిపి లక్ష దాటింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు, కంపెనీ పేరు రాయడం లేదు.

బిగించడానికి సాలూరు ఘాట్ ఎక్కి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. చీకటి పడకముందే ఘాట్ దిగిపోవాలన్న తొందర వాళ్లది. అవుట్‌డోర్ యూనిట్‌ని వెనక వరండాలో పెట్టారు. అక్కడ మూడు వైపులా గోడ, పైన షీటు, ముందు గ్రిల్లు. "వాన తగలదు సార్, సేఫ్" అన్నారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ యూనిట్ గాలిలోంచి వేడి లాక్కుని చల్లగాలిని బయటికి ఊదుతుంది. ఆ చల్లగాలి దూరంగా పోవడానికి దారి లేకపోతే అక్కడే తిరిగి మళ్లీ యూనిట్‌లోకే వెళ్తుంది. ఇక దానికి లాగడానికి వేడి ఎక్కడిది? వానకు తడిసినా ఏమీ కాకుండా తయారుచేసిన యూనిట్‌ని తీసుకెళ్లి గాలాడని మూల కూర్చోబెట్టారన్నమాట. రాగి పైపులు కలిపాక వ్యాక్యూమ్ పంప్ పెట్టి లోపలి గాలి, తేమ తీసేయాలి. పంప్ వ్యాన్‌లోంచి కిందికి దిగనే లేదు. కాస్త గ్యాస్ వదిలి పైపులోని గాలిని తోసేసి అయిందనిపించారు.

మన కొండమీది చలి సంగతి వేరే చెప్పక్కర్లేదు. కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబర్, జనవరి తెల్లవారుజామున మన వైపు చలి పది డిగ్రీల లోపుకి దిగడం మామూలే, దానికి తోడు పొగమంచు. యూనిట్ కరెంటుకి మూడున్నర యూనిట్ల వేడి అని కేటలాగ్‌లో పెద్ద అక్షరాలతో వేసే ఆ అంకె మాత్రం సాధారణంగా గాలి 20 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు, నీళ్లు 15 నుంచి 55కి వేడెక్కించినప్పుడు వచ్చేది. విశాఖలో జనవరిలోనూ పగటిపూట అది నిజమే కావచ్చు. సెమిలిగుడలో పొద్దున్న ఐదింటికి కాదు. గాలి చల్లబడేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది. దాన్ని తప్పనలేం, అది ప్రకృతి. కానీ గాలిలో తేమ ఉండి చలి ఏడెనిమిది డిగ్రీలకి వచ్చేసరికి అవుట్‌డోర్ కాయిల్ సున్నా కంటే కిందికి పోయి దానిమీద మంచు పేరుకుంటుంది. పేరుకున్న మంచుని తనంతట తాను కరిగించుకునే డీఫ్రాస్ట్ ఏర్పాటు సరైనది లేకపోతే గాలి ఆడదు, కంప్రెసర్ ఆగిపోతుంది, ఎలిమెంట్ అందుకుంటుంది. మా షాపువాళ్లు డీఫ్రాస్ట్ ఊసే ఎత్తలేదు. సముద్రం ఒడ్డున అమ్ముకునేవాళ్లకి ఆ అవసరం ఏముంటుంది?

బిల్లు చూసి ఫోన్ చేస్తే మొదట వచ్చినతను "చలికి ఇలాగే ఉంటుంది" అని వెళ్లిపోయాడు. తర్వాత వచ్చినతను గేజ్ తగిలించి, "గ్యాస్ తగ్గింది సార్" అని నింపి డబ్బు తీసుకున్నాడు. దీని గురించి కాస్త గట్టిగానే చెప్తాను. ఇది సీల్ చేసిన సిస్టం. పెట్రోల్ అయిపోయినట్టు గ్యాస్ అయిపోవడమంటూ ఉండదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. లీకు ఎక్కడో చూడకుండా గ్యాస్ నింపితే ఆ మనిషికి మళ్లీ వచ్చే పని దొరుకుతుంది తప్ప మీకు ఒరిగేది లేదు. పైగా యూనిట్ మీద ఉన్న నేమ్‌ప్లేట్‌లో ఎన్ని గ్రాముల గ్యాస్ పట్టాలో రాసి ఉంటుంది. త్రాసు మీద సిలిండర్ పెట్టి తూచి ఎక్కించాలి. గేజ్ ముల్లు చూసి ఉజ్జాయింపుగా ఎక్కిస్తే ఎక్కువైనా నష్టమే, తక్కువైనా నష్టమే. ఆర్-410ఎ లాంటి రెండు గ్యాసుల మిశ్రమమైతే సిలిండర్ నుంచి ద్రవరూపంలోనే ఎక్కించాలి. ఇవేవీ జరగలేదు. పదిహేను రోజులు తిరక్కుండానే మళ్లీ మొదటికి వచ్చింది. మా అమ్మ అయితే "ఏట్రా ఈ మిషను, పెరట్లో కాగే నయం కదరా" అని ఊరుకుంది.

కంపెనీకి ఫొటోలతో, బిల్లుల కాపీలతో ఈమెయిల్ పెట్టి, గడువిచ్చి, జవాబు లేకపోయాకే జయపురం నుంచి ఒక ఏసీ మెకానిక్‌ని పిలిచాను. ఒడియా, తెలుగు కలిపి మాట్లాడే పెద్దాయన. వచ్చీ రాగానే ఎలిమెంట్ వైరుకి క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టి అందులో పారే కరెంటు కొలిచేది) తగిలించాడు. ఎనిమిదిన్నర యాంపియర్లు దాటి చూపించింది. అంటే 2 కిలోవాట్ల ఎలిమెంట్ నిండుగా కాలుతోంది. కంప్రెసర్ వైరులో కరెంటే లేదు. అప్పుడాయన ఎలిమెంట్ ఎంసీబీ (బ్రేకర్ స్విచ్) దించి, ట్యాంకులో కాస్త నీళ్లు వదిలేసి చన్నీళ్లు నింపి, కంప్రెసర్‌ని ఒంటరిగా నడిపాడు. కాసేపటికి అవుట్‌డోర్ కాయిల్ మీద తెల్లగా మంచు పట్టింది, డిస్‌ప్లేలో అంకె మాత్రం కదల్లేదు. ఇన్నాళ్లూ ఎవరి కష్టంతో స్నానాలు చేశామో అప్పుడు తెలిసింది.

ఈ పరీక్ష మీరూ చేసుకోవచ్చు. లెక్క చాలా సులువు. ఒక లీటరు నీళ్లని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 1.16 వాట్ అవర్లు కావాలి. 200 లీటర్లని 20 నుంచి 50 డిగ్రీలకి తేవాలంటే దాదాపు 7 యూనిట్ల వేడి పడుతుంది. ఇంట్లో ఫ్రిజ్‌తో సహా మిగతావన్నీ ఆపి, మీటర్ రీడింగ్ ఫొటో తీసుకుని, హీట్ పంప్ ఒక్కటే నడపండి. నీళ్లు 50కి వచ్చేసరికి మీటర్ రెండు, రెండున్నర యూనిట్లు తిరిగితే కంప్రెసర్ తన పని తాను చేస్తోంది. ఆరు, ఏడు తిరిగితే మీరు లక్ష రూపాయలు పోసి గీజర్ కొన్నారు. ఎలిమెంట్ ఆపి కూడా ఒకసారి చూడండి. 3 కిలోవాట్ల వేడి ఇస్తుందని రాసిన యూనిట్ ఈ పనిని రెండున్నర గంటల అటూ ఇటూగా ముగించాలి, చలిలో ఇంకాస్త ఎక్కువ పట్టొచ్చు. కొత్తగా కొనేవాళ్లు చివరి వాయిదా ఇచ్చే ముందు, ఆ ఇన్‌స్టలేషన్ ఫారం మీద సంతకం పెట్టే ముందు, వాళ్ల ఎదురుగానే ఇది చేయించండి. "టైం లేదు సార్" అంటే సంతకానికీ టైం లేదనండి. ఎలిమెంట్‌కి విడిగా ఎంసీబీ ఉండాలని ముందే ఆర్డర్‌లో రాయించండి, లేకపోతే ఈ పరీక్షే కుదరదు.

మా యూనిట్‌కి చేసిన వైద్యం ఇదీ. ట్యాంకు దగ్గర, రాగి పైపు విప్పార్చిన అంచుని బిగించే ఫ్లేర్ నట్ చుట్టూ నూనె మరక ఉంది. సబ్బు నురగ రాస్తే బుడగలొచ్చాయి. ఆ జాయింట్ కోసి కొత్తగా ఫ్లేర్ చేసి, నైట్రోజన్ ఎక్కించి ప్రెజర్ నిలుస్తోందో లేదో చూసి, వ్యాక్యూమ్ పెట్టి, గ్యాస్ తూచి ఎక్కించారు. అవుట్‌డోర్ యూనిట్‌ని వరండాలోంచి తీసి డాబా మీద ఎండ తగిలే చోటికి మార్చారు. పైపు పొడవు పెరిగినందుకు ఎంత గ్యాస్ కలపాలో మాన్యువల్‌లోనే ఉంటుంది, అదీ లెక్కేశారు. బాత్రూమ్‌కి వెళ్లే వేడినీళ్ల పైపు మీద తొడుగు లేదు, వేయించాం. టైమర్ తెల్లవారుజామున పెట్టి ఉంటే మధ్యాహ్నానికి మార్చాం. పన్నెండు నుంచి మూడు మధ్య గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి అదే నీళ్లు తక్కువ కరెంటుతో కాగుతాయి, మంచి ట్యాంకైతే మర్నాడు పొద్దున్న దాకా వేడి పెద్దగా పోదు. రోజూ 50 దగ్గర ఆపి, వారానికోసారి మాత్రం సూక్ష్మక్రిములు చేరకుండా 60కి తీసుకెళ్తున్నాం. తర్వాత ఓ చలి పొద్దున అదే పరీక్ష చేస్తే మీటర్ రెండున్నర యూనిట్ల దగ్గర ఆగింది. అంటే మిషన్ మంచిదే. బిగింపు చెడ్డది.

ఇక సరిహద్దు బాధ. విశాఖ షాపుని అడిగితే ఒడిశా మా సర్వీస్ ఏరియా కాదంటారు. ఒడిశా సర్వీస్ సెంటర్‌ని అడిగితే ఆంధ్రాలో అమ్మిన సరుకు అంటారు. కొనే ముందే మీ పిన్‌కోడ్‌కి సర్వీస్ ఇస్తామని కంపెనీ నుంచి ఈమెయిల్ తెప్పించుకోండి, సేల్స్‌మన్ వాట్సాప్ మాట సరిపోదు. బిల్లు తప్పనిసరిగా మీ ఒడిశా అడ్రసు మీదే ఉండాలి. 50 వేలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు అనే రవాణా పత్రం కావాలి. ఆ పని తప్పించుకోవడానికి "సాలూరులో మీ బంధువుల అడ్రసు ఏదైనా ఇవ్వండి" అని నన్నూ అడిగారు, నేను ఒప్పుకోలేదు. మా వీధిలో ఇంకొకాయనకి అలాగే రాసిచ్చారు. ఇప్పుడాయన ఫోన్ చేస్తే, రికార్డులో మీ మిషన్ సాలూరులో ఉంది, అక్కడికైతే మనిషిని పంపిస్తాం అంటున్నారట.

ఫిర్యాదు చేయాలంటే విశాఖ తిరగాలేమోనని చాలామంది ఊరుకుంటున్నారు. అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం కొన్నవాళ్లు ఎక్కడ ఉంటున్నారో ఆ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి నమోదు చేయిస్తే కొన్ని కంపెనీలు అక్కడే దారికొస్తాయి. మాది రాలేదు. అందుకే కొరాపుట్ జిల్లా కమిషన్‌కి వెళ్లాను. గ్యాస్ పేరుతో తీసుకున్న డబ్బు, రిపేరు ఖర్చు, చలికాలంలో ఎక్కువొచ్చిన బిల్లు అడిగాను. బయటి మెకానిక్ చెయ్యి పెట్టాడు కాబట్టి వారంటీ చెల్లదని వాళ్ల జవాబు. అంతకుముందే పెట్టిన ఈమెయిల్, లీకు ఫొటోలు, క్లాంప్ మీటర్ రీడింగ్ ఫైల్లో ఉన్నాయి. మెకానిక్‌ని పిలిచే ముందు మీరూ ఇవన్నీ సిద్ధం చేసుకోండి.

మన వైపు ఈ మధ్య హీట్ పంప్ బిగించుకున్నవాళ్లు ఎవరున్నా, ఆ పరీక్ష ఈ చలి ఉండగానే చేసి రీడింగ్ ఫొటో తీసి పెట్టుకోండి. మార్చి వచ్చి గాలి వేడెక్కాక సగం గ్యాస్ ఉన్న మిషన్ కూడా బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది, సర్వీస్‌వాళ్లు కూడా సరిగ్గా అప్పుడే వస్తామంటారు.