కోటగిరిల రెండు నెలలు కిరాయికి ఉన్నం: రిటైరైనంక కొండల మీదికి పోదామనుకునేటోళ్లు ఒకసారి చదువుండ్రి

మాది హన్మకొండ. గవర్నమెంట్ స్కూల్ల ఫిజికల్ సైన్స్ టీచర్‌గ చేసి రిటైర్ అయిన, మా సారు నాకంటె రెండేండ్లు ముందే అయిండు. ఏప్రిల్, మే వస్తే మన దగ్గర ఎండ ఎట్లుంటదో చెప్పే పని లేదు, 44, 45 డిగ్రీలు కొడ్తది, రాత్రి పన్నెండింటికి గోడ మీద చెయ్యి పెడ్తే సుర్రుమంటది, కూలర్ వేస్తే అది కూడ ఉడుకు గాలే కొడ్తది. 2024 ఎండకాలంల మా సారుకు ఎండదెబ్బ తగిలి రెండు రోజులు సెలైన్లు ఎక్కించిండ్రు. అప్పుడే ఇద్దరం గట్టిగ అనుకున్నం, ఇగ మిగిలిన జీవితం ఏదన్న చిన్న కొండ ఊర్లె గడుపుదాం, అవసరమైతే ఇక్కడి ఇల్లు అమ్మి అక్కడ కొనుక్కుందాం అని. మా పిలగాడు మాత్రం ముందు కిరాయికి ఉండి చూడుండ్రి అమ్మా, తర్వాత కొందురు అన్నడు. ఆ మాట విన్నందుకు వానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఆ సంవత్సరం సద్దుల బతుకమ్మ, దసరా అయినంక పోయి డిసెంబర్ నడిమిదాంక తమిళనాడు నీలగిరులల్ల కోటగిరిల ఒక ఇల్లు నెలవారీ కిరాయికి తీసుకున్నం. ఆ ఇంటి గురించి, ఆ ఊరి గురించి ఉన్నదున్నట్టు రాస్తున్న.

కోటగిరే ఎందుకంటే, నిజానికి ముందుగాల అనుకున్నది అరకు. మన భాష, మన తిండి, రైలు కూడ ఉన్నది. కాని అక్కడ మనసొంటోళ్లు ఇల్లు జాగ కొనలేరు. షెడ్యూల్డ్ ఏరియా కాబట్టి 1/70 చట్టం నడుస్తది, గిరిజనులు కానోళ్లకు భూమి రాసిస్తే చెల్లదు, మన ఏటూరునాగారం, తాడ్వాయి దిక్కు ఎట్లనో అరకు, పాడేరు, లంబసింగి దిక్కు కూడ అట్లనే. ఒక బ్రోకర్ ఫోన్ల నోటరీ మీద రాయిద్దాం మేడం, అందరూ అట్లనే తీసుకుంటున్నరు అన్నడు. ఆ మాటతోనే ఫోన్ పెట్టేసిన. చట్టం ఒక్కటే కాదు, అది వాళ్ల భూమి, వాళ్ల చేతుల్లకెల్లి పోవద్దనే ఆ చట్టం తెచ్చిండ్రు, మనం దొడ్డిదారిన పోయి గుంజుకునుడు తప్పు. హార్స్‌లీ హిల్స్ కూడ చూసినం, తెలుగు ఊరే, మదనపల్లె దగ్గర, ఎత్తు బాగనే ఉన్నది కాని మందుల కోసమైనా కూరగాయల కోసమైనా కిందికి దిగాల్సిందే, రెండు రోజులు ఉండి వచ్చే జాగ అది, కాపురం పెట్టే జాగ కాదు. ఏర్కాడ్ మంచిగనే ఉంటదంట గని సేలం కెల్లి 20 హెయిర్‌పిన్ మలుపులు, మా సారుకు మలుపుల రోడ్డు పడదు. హిమాచల్ అయితే బయటోళ్లకు భూమి కొనుడు 118 సెక్షన్ తోని కష్టం, పైగా అంత దూరం ముసలితనంల ఎవరు పోతరు.

ఇంకోటి, పిల్లలకు చెప్పిన లెక్క ఇక్కడ నాకే పనికొచ్చింది. వెయ్యి మీటర్లు పైకి పోతే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతది. వరంగల్ 270 మీటర్ల దగ్గర, కోటగిరి 1,800 మీటర్ల దగ్గర ఉంటయి, అంటే ఎప్పుడైనా ఓ పది డిగ్రీల తేడా. అరకు 900 చిల్లర, అక్కడ తేడా నాలుగు డిగ్రీలే వస్తది. చెట్లు, మబ్బు, గాలి కూడ లెక్కకు వస్తయనుకోండి, అయినా హిల్ స్టేషన్ అని పేరు చూసి పోవద్దు, ముందు ఎత్తు ఎంతనో చూడాలె. మరీ ఎత్తు కూడ మనకు పనికిరాదు, ఊటీ 2,240 మీటర్లు, జనవరిల పొద్దుగాల గడ్డి మీద మంచు తెల్లగ పేరుకుంటది, అరవై దాటినోళ్ల కీళ్లకు ఆ చలి ఆగదు.

పోవుడు సులువే. వరంగల్ల కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు కోయంబత్తూర్ల దిగుతం, అక్కడికెల్లి మేట్టుపాళయం, ఆడికెల్లి 33 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. బొమ్మ రైలు కూనూరు మీదికెల్లి ఊటీ పోతది, కోటగిరికి రాదు, అది తెలియక మా సారు స్టేషన్ల అడిగిండు. మేట్టుపాళయంల కూరగాయలు కొంటుంటే ఒక ముసలాయన మా మాటలు ఇని “ఏ ఊరమ్మా మీది” అని తెలుగుల అడిగిండు, వాళ్ల తాతల తాతల కాలంల వచ్చిండ్రంట, ఇంట్ల ఇప్పటికీ తెలుగే మాట్లాడుకుంటరంట. ఆయన తెలుగు నాకు సగం కొత్తగ ఉన్నది గని ఆ ఒక్క మాటతోని నా భయం సగం పోయింది.

ఇగ ఇల్లు. రెండు రూములు, వంటిల్లు, ముందట వరండ, నెలకు 18,000, రెండు నెలల అడ్వాన్స్. ఫోటోలల్ల ఎట్లున్నదో అట్లనే ఉన్నది, తేయాకు తోట కనబడ్తది, పొద్దుగాల మబ్బు వరండల దాంక వస్తది, అబద్ధం లేదు. కాని ఏజెంటు “రోడ్డుకు ఆనుకునే ఉంటది” అన్నడు, రోడ్డు పైన ఉన్నది, ఇల్లు కింద ఉన్నది, నడుమ 47 మెట్లు. అవి కూడ ఒక్క తీరుగ లేవు, ఒకటి జానెడు, ఒకటి మూరెడు, పట్టుకోవడానికి రేలింగ్ లేదు, వాన పడితే నాచు పట్టి జారుతయి. మా సారు మోకాళ్లు ముందే అరిగినయి, మొదటి వారం రోజుకు రెండుసార్లు ఎక్కి దిగిండు, రెండో వారం పాల కోసం కూడ నేనే పోయిన. గ్యాస్ బండ భుజాన మోసుకుని కిందికి తెచ్చిన పిలగానికి ప్రతిసారి వంద రూపాయలు వేరే ఇచ్చినం, వాని కష్టం చూస్తే అది కూడ తక్కువనే అనిపించింది. 24 గంటలు నీళ్లు అన్నడు, నీళ్లు రోజు విడిచి రోజు వచ్చినయి. ఇదంతా ఓనర్‌కు ఫోన్ చేసి చెప్తే ఏజెంటును అడుగుండ్రి అన్నడు, ఏజెంటు ఓనర్‌ను అడుగుమన్నడు. ఇల్లు చూసుకునే కేర్‌టేకర్ ఆమె మాత్రం బంగారం, మాకు భాష రాకున్నా చేతులతోని సైగలు చేసుకుంట అన్ని అర్థం చేయించింది. ఇంటికి నేను ఐదుకు రెండున్నర ఇస్త, ఆ రెండున్నరల సగం ఆమెకే.

వంట సంగతి ఎవరూ ముందు చెప్పరు. అంత ఎత్తుల నీళ్లు 100 డిగ్రీలకు కాదు, 94 దగ్గరనే మసలుతయి. స్కూల్ల ఇది ఎన్నిసార్లు బోర్డు మీద రాసిననో, కాని మొదటి రోజు గిన్నెల కందిపప్పు పెట్టి గంటంబావు కూసున్న, పప్పు పప్పు లెక్కనే ఉన్నది, గరిటెతోని నొక్కితే నడుమ పలుకు గట్టిగ తగిలింది. కుక్కర్ లేకుండ అక్కడ బతుకలేం, కుక్కర్ల కూడ మన దగ్గరికంటె రెండు విజిల్స్ ఎక్కువ పెట్టాలె. ఇడ్లీ పిండి రాత్రి రుబ్బి పెడితే పొద్దుగాల పెట్టినట్టే ఉన్నది, కొంచెం కూడ పొంగలేదు. కేర్‌టేకర్ ఆమె నవ్వి గిన్నెకు దుప్పటి చుట్టి ఆర్పిన పొయ్యి పక్కన పెట్టింది, అప్పుడు రెండో రోజుకు పులిసింది. కొబ్బరి నూనె సీసల రాయి లెక్క గట్టిపడ్తది. క్యారెట్లు, బీట్‌రూట్, క్యాబేజీ మాత్రం మన్ను కడగంగనే తినబుద్దయితయి, అంత తీపి క్యారెట్ నేను ఎన్నడు తినలే. గోంగూర దొరుకదు, తొక్కులు ఇంటికెల్లే పట్టుకపోవాలె.

అందరూ ఎండకాలంల పోయి చూసి అబ్బ ఎంత బాగుందో అని అడ్వాన్స్ ఇచ్చి వస్తరు. నేను చెప్పేది ఒక్కటే, ఆ ఊరు ఎప్పుడు పాడుగ ఉంటదో అప్పుడు పోయి చూడుండ్రి. మన దగ్గర వాన జూన్ కెల్లి సెప్టెంబర్ దాంక, కోటగిరి దిక్కు అక్టోబర్, నవంబర్లనే గట్టిగ పడ్తది, ఈశాన్య రుతుపవనాల వాన. నవంబర్ ఆఖర్ల ఫెంగల్ తుఫాను టైంల మూడు రోజులు ముసురు విడువలే, కరెంటు పోయింది, ఉతికిన బట్టలు ఐదు రోజులైనా ఆరలే, మా సారు తోలు బెల్టు మీద తెల్లగ బూజు వచ్చింది, బీరువ తీస్తే ముక్కిన వాసన. ఆ రాత్రే పక్కింటి అక్క చెప్పింది, 2009 నవంబర్ల ఇట్లనే పడితే నీలగిరులల్ల కొండచరియలు విరిగి 40 మందికి పైగ పోయిండ్రని. అది ఇని కిటికీలకెల్లి ఇంటి ఎనుక కొండ గోడ దిక్కు చూస్తే నాకు నిద్ర పట్టలే. కొనేటోళ్లు వ్యూ చూసుడు బంద్ పెట్టి ఇంటి ఎనుక గోడ చూడాలె, దానికి నీళ్లు పోయే రంధ్రాలు ఉన్నయా లేదా, వాన నీళ్లు ఎటు దిగుతున్నయి, పైన ఎవరన్న కొత్తగ మన్ను తవ్వుతున్నరా అని చూడాలె.

సాయంత్రం ఆరు దాటితే బయట తిరుగద్దు అంటరు, అది ఉట్టిగ అనేది కాదు. ఒక రోజు ఐదున్నరకు తోట అంచున అడవి దున్న నిలవడ్డది, మా వరండకు ఇరవై అడుగులు కూడ లేదు, కదలలేదు మెదలలేదు, నెమరేసుకుంట మా దిక్కే చూస్తున్నది. ఎలుగుబంట్లు కూడ ఊర్లెకు వస్తయి, బయట తిండి పడేస్తే ఇంకా వస్తయి.

దవాఖాన సంగతి చెప్పాలె. ఒక రాత్రి మా సారుకు బీపీ పెరిగి తల తిరిగింది. ఊర్లె గవర్నమెంటు దవాఖాన ఉన్నది, మంచిగనే చూసిండ్రు, ఇంజెక్షన్ ఇచ్చిండ్రు, కాని గుండెకు సంబంధించిన పరీక్షలకు కోయంబత్తూర్ పొమ్మన్నరు. కోయంబత్తూర్ పెద్ద పెద్ద హాస్పిటళ్లున్న ఊరే, కాని 70 కిలోమీటర్ల దూరం, పగలు రెండు గంటలు దాటుతది, రాత్రి మబ్బుల ఎంతసేపో చెప్పలేం. ఇక్కడ హన్మకొండల ఆటో ఎక్కితే పది నిమిషాలల్ల ఎంజీఎం. మన ఆరోగ్యశ్రీ అక్కడ నడుస్తదనుకుని పోవద్దు, సొంతంగ ఇన్సూరెన్స్ తీసుకోవాలె. 70 దాటినోళ్లకు 5 లక్షల ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబర్ల మొదలువెట్టిండ్రు, మా సారుకు ఇంకా ఆ వయసు రాలే.

వీటన్నిటికంటె పెద్ద సంగతి ఇంకొకటి ఉన్నది. దీపావళికి మూడు రోజుల ముందు తెల్లారగట్ల నాలుగింటికి ఫోన్ వచ్చింది, పరకాలల మా పెద్దాడిబిడ్డ పోయిందని. మా సారును చిన్నప్పుడు సంకల ఎత్తుకుని పెంచిన అక్క. మబ్బు గట్టిగున్నది, తెల్లారేదాంక ఏ డ్రైవరూ రానన్నడు. కోయంబత్తూర్ చేరి, హైదరాబాద్ ఫ్లైట్ దొరికి, అక్కడికెల్లి కారు కట్టించుకుని పరకాల పోయేసరికి రాత్రి పదకొండు. పొద్దు గూకక ముందే అంతా అయిపోయింది. మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు మా సారు ఆ కాకి దిక్కే చూసుకుంట నిలవడ్డడు, ఎవరితోని మాట్లాడలే. పదకొండొద్దులు అయినంక మల్ల కోటగిరి పోయినం గని, ఇల్లు కొనే ముచ్చట ఆయన మల్ల తియ్యలే, నేను కూడ తియ్యలే.

ఇట్లంటే ఊరు మంచిది కాదని కాదు. ఊరికి నేను ఐదుకు నాలుగు ఇస్త. జనం నెమ్మదస్తులు, గాలి మంచిది, అక్కడున్నన్ని రోజులు నా దమ్ము దగ్గు మందు ముట్టలే. ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు బంద్, రోడ్లు శుభ్రంగ ఉంటయి. జాన్ సల్లివన్ అనే కలెక్టర్ 1819ల కన్నేరిముక్కుల కట్టిన బంగ్లా ఇప్పుడు చిన్న మ్యూజియం, ఊర్లె పొద్దుపోవడానికి అదొకటి, ఇంకా నడకనే. తేయాకు ఫ్యాక్టరీ ముందటికెల్లి పోతుంటే వచ్చే వాసన కోసమే రోజు ఆ దారిల నడిచేదాన్ని.

కాబట్టి హన్మకొండ ఇల్లు అమ్మలే, కొండ మీద ఇల్లు కొనలే, ఎండకాలం నెలలు అక్కడ, మిగిలినయి ఇక్కడ అని పెట్టుకున్నం. 2025 ఏప్రిల్ల మల్ల పోయినం, అదే ఊరు, వేరే ఇల్లు, నడుమ ఏజెంటు లేకుండ ఓనర్‌తోనే మాట్లాడి, మెట్లు వీడియో తీసి పంపుమని అడిగి చూసుకున్నంకనే డబ్బులు పంపినం. మీరు కారుల పోయేటట్టుంటే ఈ-పాస్ ముందే తీసుకోవాలె, హైకోర్టు చెప్పినంక 2025 ఏప్రిల్ కెల్లి జూన్ దాంక నీలగిరులకు మామూలు రోజులల్ల 6,000 బండ్లు, శని ఆదివారాలు 8,000 బండ్లనే పోనిచ్చిండ్రు, బస్సుల పోతే ఆ లొల్లి లేదు. మే నెలల ఇక్కడ మా మరిది ఫోన్ చేసి కరెంటు పోయింది, ఉడికిపోతున్నం అంటుంటే అక్కడ మా సారు స్వెటర్ వేసుకుని వరండల కూసున్నడు, రెండు రోజులకు మరిదినీ తోడికోడలినీ కూడ పిలిపించుకున్నం, చపాట మిర్చి కారం రెండు కిలోలు తెచ్చిండ్రు, ఒక కిలో పక్కింటి అక్కకు ఇచ్చిన. వచ్చే ఎండకాలానికి కూడ అదే ఇల్లు మాట్లాడి పెట్టినం, నెలకు 20,000, మెట్లు ఆరు, రేలింగ్ ఉన్నది.