ఆరేళ్లుగా మా పెరట్లో సల్కాటా తాబేలు: ఏ ఏర్పాటు పనికొచ్చింది, దేనికి డబ్బు దండగైంది

మా ఇల్లు గుంటూరు శివార్లలో ఏటుకూరు రోడ్డు వైపు. ఇంటి వెనక పెరడు, పెరట్లో కూర్మయ్య. సల్కాటా జాతి, అంటే సహారా ఎడారికి దక్షిణపు అంచున సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా బతికే తాబేలు. 2019 చివర్లో తెలిసినవాళ్లు ఊరు మారుతూ మాకు ఇచ్చారు. అప్పుడు 900 గ్రాములు, ఇప్పుడు 16 కిలోలు. అంతకుముందు రెండేళ్లు ప్లాస్టిక్ టబ్బులో ట్యూబులైటు కింద కీరా, టమాటా తింటూ పెరిగింది, ఎందుకంటే అమ్మిన షాపతను అవే పెట్టమన్నాడట. మా ఇంటికి వచ్చినప్పుడు అది చేసే పని ఒకటే, టబ్బు మూలకి ముక్కు ఆనించి గంటల తరబడి ముందుకాళ్లతో గోకుతూ ఉండటం. అది చూడలేక మొదలుపెట్టినవే ఇక్కడ రాస్తున్న ప్రయత్నాలన్నీ.

ఒక మాట ముందే చెప్పాలి. ఇంట్లో తాబేలు ఉంటే కలిసొస్తుందని మనవైపు చాలామంది నక్షత్ర తాబేళ్లు దాచిపెట్టి పెంచుతున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. దయచేసి ఆ పని చేయకండి, ఉంటే అటవీశాఖ వాళ్లకి అప్పగించండి. సల్కాటా విదేశీ జాతి కాబట్టి కేంద్రం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, మేం చేయించాం.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది బొరియ. ఈ జాతి అసలు బతుకే తవ్వకం. అక్కడి ఎండ తట్టుకోవడానికి నేలలోకి మీటర్ల కొద్దీ సొరంగం తవ్వి, పగటి వేడంతా అందులోనే గడుపుతుంది. మా కూర్మయ్య కూడా వచ్చిన మొదటి వేసవిలోనే గోడ పక్కన తవ్వడం మొదలుపెట్టింది, మేం మురిసిపోయాం. కానీ మాది నల్లరేగడి. ఎండకి నోళ్లు తెరుస్తుంది, వానకి ఉబ్బి జిగురవుతుంది, అందులో తవ్విన గుంత నిలబడదు. జులైలో ఓ రాత్రి వాన పడితే పొద్దున్నే పైకప్పు కూలి ఉంది. అదృష్టం, ఆ రాత్రి అది లోపల లేదు. ఆ తర్వాత మూడు సిమెంటు వరలు కొని, పెరట్లో కాస్త ఎత్తు మీద ఎర్ర గ్రావెల్ పోయించి, వాటిని అడ్డంగా వరసగా పెట్టి, లోపల సగం వరకూ మట్టి నింపి, పైన కూడా మట్టి కప్పాం. ఒక చివర మూసేశాం. ఆటో బాడుగతో కలిపి మూడు వేల లోపే అయింది. లోపలి మట్టిని అదే రోజూ తవ్వుకుంటుంది, వెనక్కి తోస్తుంది, మళ్లీ తవ్వుతుంది, అంటే తవ్వకమూ మిగిలింది, కూలే భయమూ పోయింది. ఎండాకాలం మధ్యాహ్నం లోపల చెయ్యి పెట్టి చూస్తే బయటికీ లోపలికీ తేడా తెలిసిపోతుంది. 2024 ఆగస్టు చివర్లో ఆ పెద్ద వానలకి పెరడంతా మోకాలి లోతు నీళ్లు నిలిచినా వరల్లోకి రాలేదు, కారణం ఎత్తు. బొరియ కట్టేవాళ్లు ముందు చూడాల్సింది వాన నీళ్లు ఎటు పోతాయనేదే.

ఇంకొకటి బురద గుంట. 2020 రోహిణి కార్తెలో ఓ మధ్యాహ్నం దాని నోటి నుంచి నురగ కారి ముందుకాళ్లన్నీ తడిసిపోతే నాకు ప్రాణం పోయినంత పనైంది, జబ్బు చేసిందనుకున్నాను. తర్వాత తెలిసింది, ఎండ నలభై దాటినప్పుడు ఒంటిని చల్లబరచుకోవడానికి ఈ జాతి తన ఉమ్మిని కాళ్లకి పూసుకుంటుందట. అంటే నేను దానికి నీడ, తడి సరిపోయినంత ఇవ్వలేదన్నమాట. వెంటనే జామచెట్టు కింద జానెడు లోతు గుంట తవ్వి మట్టి కలిపి నీళ్లు పోశాను, వేసవిలో రోజూ పొద్దున పోస్తాను. అందులో దిగి అటూ ఇటూ ఒరుసుకుని, పెంకంతా బురద పట్టించుకుని అలాగే పడుకుంటుంది. నురగ మళ్లీ చూడలేదు. ఇంకో లాభం కూడా ఉంది. 2003లో వచ్చిన ఓ వియన్నా పరిశోధనలో ఇదే జాతి పిల్లల మీద చూసి, పెంకు మీద గుట్టలు లేవడానికి తిండిలో మాంసకృత్తుల కంటే గాలి పొడిగా ఉండటమే పెద్ద కారణమని తేల్చారు. టబ్బులో గడిపిన ఆ రెండేళ్ల గుట్టలు మా దాని వీపు మీద ఇప్పటికీ ఉన్నాయి, అవి పోవు. కొత్తగా పెరిగిన పెంకు మాత్రం నున్నగా వచ్చింది.

తిండి సంగతి. దీనికి నూటికి ఎనభై వంతులు గడ్డే ఉండాలి. మొదట్లో పళ్లెంలో పెట్టేవాళ్లం, పది నిమిషాల్లో తినేసి మిగతా రోజంతా గోడ వెంబడి తిరిగేది. ఇప్పుడు పెరట్లోనే గరిక పెంచాం, కొంత కడప బండల సందుల్లో, కొంత వెడల్పాటి మట్టి తొట్లలో. తొట్లు దాని మెడ అందే ఎత్తులో పెట్టి రెండు రోజులకోసారి చోటు మారుస్తాను. ఎండుగడ్డిని కొబ్బరితాడు వలలో కట్టి వేలాడదీస్తే తాడు పీచు కూడా తినేస్తోంది, అది మానేసి ఇప్పుడు గోడకి బిగించిన ఇనుప చట్రంలో కూరుతున్నాను, ఒక్కో పరక లాక్కుని తింటుంది, గంటకు పైగా పడుతుంది. నాగజెముడు మట్టలు పొయ్యి మంట మీద ముళ్లు, నూగు పూర్తిగా కాల్చి బండ మీద పడేస్తే వాటి కోసం పెరడు ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తుంది. బండ మీద తినడం వల్ల పక్షి ముక్కులా గట్టిగా ఉండే నోటి అంచు కూడా పెరిగిపోకుండా అరుగుతుంది. ఎర్ర మందారం పూలని దూరం నుంచే గుర్తుపడుతుంది, అందుకే వాటిని మొక్కకే ఉంచకుండా కోసి రోజుకో చోట దాస్తాను.

గుంటూరులో ఉన్నవాళ్లు ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. చేలగట్ల మీద గరిక కోసుకురావద్దు. మన మిరప, పత్తి చేలకి ఎన్నిసార్లు మందు కొడతారో అందరికీ తెలుసు, గట్టు మీద గడ్డికి కూడా అది పడుతుంది. ఓసారి తొందరలో అలా తెచ్చి పెట్టాను, నాలుగు రోజులు ముద్ద ముట్టలేదు. ఆ నాలుగు రోజులు నేను పడ్డ టెన్షన్ ఇంకెవరూ పడకూడదు. పూలమార్కెట్ బంతిపూలు కూడా అందుకే పెట్టను. పక్కింటి పిన్నిగారు ప్రేమతో గోడ మీద నుంచి మామిడి టెంకలు, అరటిపళ్లు వేసేవారు, విరేచనాలు పట్టుకున్నాయి. "పిన్నిగారూ, తీపి దీని కడుపుకి పడదండీ, మీ మందారాలు ఇవ్వండి చాలు" అని చెప్పాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఓ గుప్పెడు పూలు ఆవిడే తెచ్చిస్తున్నారు.

డబ్బు దండగైనవి రెండు. లోపల తిండి పెట్టి దొర్లించే ప్లాస్టిక్ బంతి ఆన్‌లైన్‌లో తెప్పించాను, 850 రూపాయలు. రెండు రోజులు నెట్టింది, మూడో రోజు కొరికింది, వారం తర్వాత పెంటలో ప్లాస్టిక్ ముక్క కనపడింది. ఎరుపు, పసుపు రంగు వస్తువు ఏదైనా దానికి పువ్వే, కాబట్టి కొరికితే ఊడొచ్చే బొమ్మలు వద్దు. రెండోది అద్దం, తోడున్నట్టు ఉంటుందని ఎవరో చెప్తే పెట్టాను. మగది కావడంతో తన నీడనే శత్రువనుకుని పెంకుతో గుద్దసాగింది, గంటలో తీసేశాను. తోడు కోసం రెండో మగదాన్ని తేవడం ఇంకా ప్రమాదం. ఒకటి రెండోదాన్ని తిరగేస్తుంది, ఎండలో వెల్లకిలా పడ్డ తాబేలు చచ్చిపోతుంది.

కంచె గురించి ఎవరూ చెప్పరు కానీ చాలా ముఖ్యం. మాకు మొదట్లో జాలీ ఉండేది. అవతల కనిపిస్తోంది కాబట్టి పోగలననుకుని పొద్దస్తమానం దానికి తల ఆనించి తోసేది, ముక్కు మీద చర్మం కూడా లేచింది. రెండడుగుల ఇటుక గోడ కట్టించాక ఆ తోయడం వారంలో తగ్గిపోయింది.

నేను అసలు ఊహించనిది నేర్పడం. వియన్నాలోని షోన్‌బ్రున్ జూలో పెద్ద తాబేళ్లకి రంగు బంతిని ముక్కుతో తాకడం నేర్పితే, తొమ్మిదేళ్ల తర్వాత చూసినా మరిచిపోలేదని 2019లో ప్రచురించారు. అది చదివి కర్ర చివర ఎర్ర స్టీలు మూత బిగించి, తాకినప్పుడల్లా మందార రేక పెట్టాను. పదిహేను రోజుల్లో మూత ఎటు పోతే అటు రావడం మొదలైంది. మోసుకెళ్లాలంటే నడుం పట్టేసే బరువు, ఎత్తితే దానికి కూడా భయం. ఇప్పుడు కాటా మీదికి, తుఫాను హెచ్చరిక వస్తే షెడ్డులోకి, అన్నిటికీ తన కాళ్ల మీదే వస్తుంది. నా వరకూ ఇది బొరియ తర్వాత రెండో స్థానం, ఖర్చు సున్నా.

గోడకి బిగించిన గట్టి బ్రష్ కూడా ఉంది, వీపు రుద్దుకుంటుందని పెట్టాం. వానాకాలంలో వాడుతుంది, మిగతా రోజుల్లో జామకొమ్మే దానికి ఇష్టం.

ఈ నెల నుంచి గోడకి ఒకచోట కంత తీసి, పక్కనున్న మా ఖాళీ స్థలంలోకి వారం విడిచి వారం వదులుతున్నాను. మొదటి రోజు కంత దగ్గర అరగంట నిలబడి వాసన చూసింది. తర్వాత కొలిచినట్టు ప్రహరీ మొత్తం చుట్టి వచ్చి, తుమ్మచెట్టు నీడలో కొత్త చోట తవ్వకం మొదలుపెట్టింది. అక్కడ నేల గరువు. వాన పడేలోపు నాలుగో వర కొని ఆ గుంత మీద పెట్టాలి.