టీచర్ల కోసం ఏజెన్సీని నమ్ముకోవచ్చా? దిల్‌సుఖ్‌నగర్ సంస్థ ఒకదానితో మా స్కూలు అనుభవం

హైదరాబాద్‌లో చిన్న ప్రైవేటు స్కూలు నడిపేవారికి ఫీజు బకాయిల తర్వాత అంతటి తలనొప్పి టీచర్లు దొరకకపోవడమే. వనస్థలిపురం ప్రాంతంలోని ఒక హైస్కూలులో నియామకాల బాధ్యత చూస్తున్న నేను, దిల్‌సుఖ్‌నగర్ కేంద్రంగా పనిచేసే ఒక టీచర్ల ప్లేస్‌మెంట్ ఏజెన్సీ సేవలను 2024 చివరి నుంచి వాడుకుంటున్నాను. మెచ్చుకోళ్లతో పాటు ఫిర్యాదులూ ఉన్నందువల్ల సంస్థ పేరు రాయడం లేదు. ఇదే తరహా ఏజెన్సీలు నగరంలో ఇంకా ఉన్నాయి కనుక, ఎవరితో ఒప్పందం చేసుకోబోయేవారికైనా ఈ వివరాలు పనికివస్తాయి.

మేము ఏజెన్సీ గడప తొక్కడానికి కారణం 2024 డీఎస్సీ, అంటే ప్రభుత్వ టీచర్ల నియామకం. 2017లో టీఆర్‌టీ పేరుతో జరిగిన ఇదే నియామకం తర్వాత ఏళ్ల తరబడి ఎదురుచూపులు మిగిల్చి, చివరికి 11,062 పోస్టులతో వెలువడిన ఆ నోటిఫికేషన్‌కు జులై, ఆగస్టు నెలల్లో పరీక్షలు జరగడం, అక్టోబరు 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు అందజేయడం వల్ల, దసరా సెలవుల తర్వాత బడి తెరిచేసరికి మా గణితం టీచరు, ఫిజికల్ సైన్స్ టీచరు ఇద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైపోయారు. వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. మేము ఇచ్చే జీతానికీ ప్రభుత్వ జీతానికీ పోలికే లేదు. కానీ పదో తరగతి సిలబస్ నడిమధ్యలో ఉండగా పడిన ఆ ఖాళీలను పత్రికా ప్రకటనతోనో, తెలిసినవారి సిఫార్సుతోనో నింపడం మా వల్ల కాలేదు.

ఏజెన్సీ స్కూలు నుంచి వసూలు చేసే రుసుము, చేరిన టీచరు ఒక నెల జీతం. ఇందులో సగం చేరినప్పుడు, మిగతా సగం నెల గడిచాక చెల్లించాలి. అభ్యర్థి నుంచి ఏమీ తీసుకోరు. ఈ రుసుముకు తగిన పని వారు చేసేది, నా అభిప్రాయంలో, బయోడేటాలు పంపడంలో కాదు, స్కూలు చేత ముందుగా పూరింపజేసే ఒక పత్రంలో. వారానికి ఎన్ని పీరియడ్లు, తరగతి ఉపాధ్యాయ బాధ్యత ఉందా, అడ్మిషన్ల కాలంలో ఇంటింటికీ తిరిగి ప్రచారం చేయాలా, మే నెల జీతం ఇస్తారా, ఒరిజినల్ సర్టిఫికెట్లు స్కూలు దగ్గర పెట్టుకుంటారా అని అందులో సూటిగా అడుగుతారు. సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేసే స్కూళ్లకు అభ్యర్థులను పంపబోమని మొదటి సమావేశంలోనే స్పష్టం చేశారు. మే జీతం గడిలో ‘లేదు’ అని రాయబోతున్న మా కరస్పాండెంట్ గారిని అక్కడి ఉద్యోగిని ఆపి, అలా రాస్తే గణితానికి ఎవరినీ పంపలేనని చెప్పింది. ఆయనకు కోపం వచ్చిన మాట నిజమే గానీ, చివరికి పన్నెండు నెలల జీతానికి ఒప్పుకున్నారు. ఏళ్లుగా స్టాఫ్ మీటింగుల్లో సాధ్యం కాని మార్పు ఆ ఒక్క గడి వల్ల వచ్చింది.

అభ్యర్థి ఉండే ప్రాంతాన్ని కూడా వారు చూస్తారు. మియాపూర్ నుంచి వచ్చే మెట్రో ఎల్బీ నగర్‌తో ఆగిపోతుంది; అక్కడి నుంచి మా వైపు బస్సులోనో ఆటోలోనో రావాలి. జీతం తక్కువగా ఉన్న చోట ఈ ప్రయాణమే టీచరు ఉంటారా మానేస్తారా అన్నది తేలుస్తుంది కనుక, వారు పంపినవారిలో ఎక్కువమంది హయత్‌నగర్, నాగోల్ పరిసరాలవారే.

డెమో క్లాసు విషయంలో వారి పద్ధతి నాకు నచ్చింది. అభ్యర్థి తనకు నచ్చిన పాఠం చెప్పడానికి వీల్లేదు. ఆ రోజు తరగతిలో నడవాల్సిన పాఠమే చెప్పాలి. గణితానికి వచ్చిన ఒకావిడ ఏడో తరగతిలో పూర్ణసంఖ్యలు చెబుతుండగా, రెండు రుణ సంఖ్యలను గుణిస్తే ధనం ఎందుకవుతుందని ఒక పిల్లవాడు అడిగాడు. సూత్రం అప్పజెప్పకుండా ఆవిడ -3ను వరుసగా 2తో, 1తో, 0తో గుణించి, జవాబులు -6, -3, 0 అని ఒకదాని కింద ఒకటి రాసి, తర్వాతి గీత పిల్లలకే వదిలేసింది. వెనక బెంచీ నుంచి ‘ప్లస్ 3’ అని వినిపించింది. ఆవిడ ఇప్పటికీ మా స్కూలులోనే పనిచేస్తున్నారు.

ప్రాథమిక తరగతుల విషయంలో మాత్రం ఈ ఏజెన్సీ మమ్మల్ని నిరాశపరిచింది. ఒకటి నుంచి ఐదు తరగతులకు బీఈడీ అర్హత సరిపోదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు చెప్పినా, డీఈఎల్‌ఈడీ (ప్రాథమిక టీచర్ల డిప్లొమా) చేసినవారు కావాలని స్పష్టంగా రాసిచ్చినా, వరుసగా బీఈడీవారినే పంపారు. ‘సర్టిఫికెట్లు పరిశీలించాము’ అని వారు వేసే ముద్ర జిరాక్సు ప్రతులు చూసి వేసేదే కనుక, ఒరిజినల్స్ మీరే చూసుకోవాలి. టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) మార్కులను గొప్పగా పైన రాసి పంపుతారు. అయితే డీఎస్సీ ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఉన్న రాష్ట్రంలో, మంచి టెట్ స్కోరున్న అభ్యర్థి తర్వాతి నోటిఫికేషన్ వరకే మన దగ్గర ఉంటారని కూడా లెక్క వేసుకోవాలి.

నా అసలు అభ్యంతరం వేరే ఉంది. మార్చి రాగానే, మాకు కుదిర్చిన టీచర్లకే ఆ కార్యాలయం నుంచి ఫోన్లు వెళ్లాయి: ఫలానా చోట ఇంకో మూడు వేలు ఎక్కువ ఇస్తారు, వెళతారా అని. ఇద్దరు టీచర్లు ఆ సంగతి స్వయంగా చెప్పబట్టి తెలిసింది. ఒక స్కూలులో నింపి మరో స్కూలులో ఖాళీ చేసి, రెండు చోట్లా రుసుము తీసుకునే ఈ కప్పల తక్కెడ వ్యాపారం వల్ల నగరంలో ఒక్క టీచరు కూడా అదనంగా పుట్టరు. అడిగితే, అది కొత్త ఉద్యోగి తొందరపాటు అన్నారు. నేను నమ్మలేదు.

అయినా ఒప్పందాన్ని పూర్తిగా రద్దు చేసుకోలేదు, కొన్ని షరతులు మార్చుకున్నాము. మూడు నెలల్లోపు మానేస్తేనే మరొకరిని ఉచితంగా చూపుతామన్న గడువును పదో తరగతి పరీక్షలు ముగిసేదాకా పొడిగించారు. తాము చేర్చిన టీచరును రెండేళ్లపాటు మరో స్కూలుకు పిలవబోమని రాతపూర్వకంగా ఇచ్చారు. ఇవి అడిగితే ఒప్పుకుంటారు, అడగకపోతే వారంతట వారు చెప్పరు. జూన్ 12న బడులు తెరిచాక వెళితే మిగిలినవారే మిగులుతారు; ఫిబ్రవరిలోనే పత్రం నింపి ఇవ్వడం మంచిది.

హైస్కూలు గణితం, ఫిజికల్ సైన్స్ పోస్టులకు, ముఖ్యంగా సంవత్సరం మధ్యలో ఖాళీ పడినప్పుడు, ఒక నెల జీతం రుసుము దండగ కాదు. తెలుగు టీచరు కోసం కూడా ప్రయత్నించవచ్చు. 2018 చట్టంతో సీబీఎస్‌ఈ స్కూళ్లలోనూ తెలుగు తప్పనిసరి అయ్యాక వారికి గిరాకీ పెరిగింది, చిన్న స్కూళ్లకు సొంతంగా దొరకడం కష్టమైంది. ప్రాథమిక తరగతులకు ఈ సంవత్సరం మేము ఏజెన్సీని అడగలేదు. మా స్కూలుకు ప్రాక్టీసు కోసం వచ్చిన డీఈఎల్‌ఈడీ ఛాత్రోపాధ్యాయుల్లో పాఠం బాగా చెప్పిన ఇద్దరిని, వారి కోర్సు ముగియకముందే మాట్లాడి పెట్టుకున్నాము. ఐదుకు మూడు ఇస్తున్నాను; మార్చి ఫోన్లు లేకపోతే నాలుగు ఇచ్చేవాణ్ణి.